సీత్రీఆర్ చేయించాక కంటికి హెర్పిస్ వచ్చింది... రెండో కంటికి చేయించవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది గుంటూరు. మావారు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తా. మా అబ్బాయికి 19 ఏళ్లు. విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ రెండో ఏడాది చదువుతున్నాడు. ఆరు నెలలకోసారి అద్దాల నంబరు మారిపోతుంటే పరీక్షలు చేయించాం. నల్లగుడ్డు పల్చబడి ముందుకు పొడుచుకొస్తోంది, దీన్ని కెరటోకోనస్ అంటారన్నారు. ముదరకుండా నల్లగుడ్డును గట్టిపరిచే సీత్రీఆర్ చికిత్స చేయాలంటే విజయవాడలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కుడికంటికి చేయించాం. మూడు రోజులు నొప్పి, నీళ్లు కారడం ఉంటాయని ముందే చెప్పారు. అలాగే ఉండి నాలుగో రోజుకి నెమ్మదించింది. ఆరో రోజు రాత్రి మళ్లీ మొదలైంది. కన్ను చింతనిప్పులా అయిపోయింది. ట్యూబులైటు వెలుగు కూడా ఓర్చుకోలేకపోయాడు. మర్నాడు తీసుకెళ్తే కంట్లో పెట్టిన లెన్సు తీసేసి, రంగు చుక్క వేసి చూసి, హెర్పిస్ వైరస్ అన్నారు. అప్పటిదాకా వేస్తున్న స్టెరాయిడ్ చుక్కలు ఆపేసి, రోజుకు ఐదుసార్లు పెట్టే ఆయింట్‌మెంటు, మాత్రలు ఇచ్చారు. మొదలుపెట్టి పన్నెండు రోజులైంది. ఎరుపు తగ్గింది గానీ చూపు మంచు పట్టినట్టుంది అంటున్నాడు.

మిషను శుభ్రంగా లేకపోవడం వల్లే వచ్చిందని, ఆ ఆసుపత్రి మానేసి హైదరాబాదు తీసుకుపొమ్మని మా బావగారు అంటున్నారు. సెమిస్టర్ పరీక్షల టెన్షన్ వల్ల వచ్చిందేమోనని మావారు. జ్వరం వచ్చినప్పుడల్లా నాకు పెదవి మీద పొక్కులు లేస్తాయి. అదీ హెర్పిసేనని ఎక్కడో చదివాను. నా వల్లే నా బిడ్డకు వచ్చిందా అని నిద్ర పట్టడం లేదు. మా అత్తగారు కంటిమీద నందివర్ధనం పూలు పెట్టమంటున్నారు. రెండు నెలల్లో ఎడమకంటికి కూడా సీత్రీఆర్ చేయాల్సి ఉంది. చేయించమంటారా, వద్దంటారా? మా అమ్మాయి పురిటికి వచ్చి ఇంట్లోనే ఉంది. ఇరవై రోజుల పసిబిడ్డ. వాళ్లకేమైనా అంటుకుంటుందా?

– ఒక తల్లి, గుంటూరు

సమాధానం: అమ్మా, మీరు ఉత్తరం చివర రాసిన పసిబిడ్డ సంగతితోనే మొదలుపెడతాను. మిగతావన్నీ ఒక పూట ఆగినా ఫరవాలేదు, ఇది ఆగదు.

పెద్దవాళ్లలో పెదవి మీద పొక్కుతోనో, కంటి మీద చిన్న పుండుతోనో ఆగిపోయే ఈ వైరస్ నెల రోజులైనా నిండని బిడ్డకు సోకితే మెదడుకి, కాలేయానికి పాకగలదు. అలా జరగడం అరుదే. కానీ జరిగితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని కన్ను పూర్తిగా మానిందని డాక్టరు చెప్పేవరకు మీ అబ్బాయి బిడ్డను ఎత్తుకోకూడదు, ముద్దు పెట్టుకోకూడదు. అతని కన్నీళ్లలో వైరస్ ఉంటుంది. కంట్లో మందు వేసినవాళ్లు ముందూ తర్వాతా చేతులు సబ్బుతో కడుక్కోవాలి. అతని తువ్వాలు, దిండు గలీబు విడిగా పెట్టండి. మందు వేసే పని మీరు చూసుకోండి, బాలింతరాలికి అప్పజెప్పకండి. ఇంకో మాట. మీకు పెదవి పేలిన రోజుల్లో మీరూ బిడ్డ మొహం దగ్గరికి మొహం పెట్టకండి. చూడవచ్చిన చుట్టాల్లో ఎవరి పెదవి మీదైనా పొక్కు కనిపిస్తే మొహమాటపడకుండా చెప్పేయండి. బిడ్డ పాలు సరిగ్గా తాగకపోయినా, మగతగా పడున్నా, ఒళ్లు వెచ్చబడినా, చర్మం మీద నీటి పొక్కు ఒక్కటి కనిపించినా ఆ క్షణమే పిల్లల డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. వెళ్లాక ఇంట్లో హెర్పిస్ ఉన్న మనిషి ఉన్నాడని మొదటి మాటగా చెప్పండి.

మిగతా ఇంటిల్లిపాదికీ భయం లేదు. ఇది కళ్లకలక కాదు. 2023 వానాకాలంలో కళ్లకలక ఊళ్లకు ఊళ్లు చుట్టేసింది, గుర్తుండే ఉంటుంది. హాస్టల్లో ఒక కుర్రాడికి వస్తే వారంలో అంతస్తు మొత్తానికీ వచ్చేది. హెర్పిస్ అలా పాకే జబ్బు కాదు.

ఇక మిమ్మల్ని నిద్రపోనివ్వని ప్రశ్న. మీ వల్లే వచ్చిందా?

హెర్పిస్ సింప్లెక్స్ మొదటి రకం వైరస్ 50 ఏళ్లలోపు జనాభాలో మూడింట రెండు వంతుల మంది ఒంట్లో ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. చాలామందికి పసితనంలోనే, అమ్మో అమ్మమ్మో మేనత్తో పెట్టిన ముద్దుతో చేరిపోతుంది. చేరినప్పుడు ఎక్కువమందికి ఏ లక్షణమూ కనిపించదు. కొందరికి కనిపించినా మామూలు జ్వరమని అనుకుంటాం, తగ్గిపోతుంది. వైరస్ మాత్రం పోదు. మొహానికి స్పర్శనిచ్చే త్రిధార నాడి అనే నరం వెంట పైకి పాకి, కపాలం అడుగున ఆ నరానికి ఉన్న ముడిలో చేరి నిద్రపోతుంది. ఆ నరానికి పేరులోనే మూడు ధారలున్నాయి. ఒకటి నుదుటికి, కంటికి. ఒకటి చెంపకు. ఒకటి దవడకు. నిద్రలేచిన వైరస్ కింది ధారల్లో దిగితే పెదవి పేలుతుంది. పైధారలో దిగితే కన్ను పుండవుతుంది.

మీ దగ్గర్నుంచే వచ్చి ఉండవచ్చు. నేను కాదని అబద్ధం చెప్పను. మీ అత్తగారి దగ్గర్నుంచీ రావచ్చు, వాళ్ల నాన్న దగ్గర్నుంచీ రావచ్చు, బడిలో పక్కన కూర్చున్న పిల్లాడి దగ్గర్నుంచీ రావచ్చు. ఇది ఏ తల్లీ ఆపగలిగింది కాదు. కన్న బిడ్డను ముద్దు పెట్టుకోని తల్లి ఎక్కడుంటుందమ్మా? ఇది తప్పు కాదు, దీనికి ప్రాయశ్చిత్తం అక్కర్లేదు. మీ పెదవి పొక్కుల సంగతి మాత్రం వచ్చేసారి వెళ్లినప్పుడు మీ డాక్టరుకు చెప్పండి. కుర్రాడికి కూడా ఎప్పుడైనా పెదవి పేలిందేమో గుర్తు చేసుకుని చెప్పండి. అది ఎడమకంటి దగ్గర పనికొస్తుంది. ఎలాగో తర్వాత చెబుతాను.

మీ బావగారి మాటకు వద్దాం. మిషను శుభ్రంగా లేక వచ్చిందా?

సీత్రీఆర్ అంటే ఏం చేస్తారో తెలిస్తే జవాబు అందులోనే ఉంటుంది. నల్లగుడ్డు మందం మామూలుగా అర మిల్లీమీటరు పైచిలుకు. కెరటోకోనస్‌లో అది పల్చబడి, లోపలి ఒత్తిడికి శంకువులా ముందుకు పొడుచుకొస్తుంది. లోపలి కొల్లాజెన్ పోగుల మధ్య ముడులు పెంచి దాన్ని గట్టిపరచడమే ఈ చికిత్స. జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో రూపుదిద్దుకుంది. మనుషుల మీద మొదటి ఫలితాలు 2003లో వెలువడ్డాయి. నల్లగుడ్డు పైపొరను గుండ్రంగా గీకి తీసేస్తారు. రైబోఫ్లావిన్, అంటే బీ2 విటమిన్, పసుపుపచ్చని చుక్కలుగా అరగంట వేస్తారు. తర్వాత 370 నానోమీటర్ల దగ్గరి అతినీలలోహిత కాంతి పడేలా చేస్తారు. మొదటి పద్ధతిలో అది ఇంకో అరగంట. ఇప్పుడు కాంతి జోరు పెంచి తక్కువ నిమిషాల్లో ముగించే పద్ధతులూ ఉన్నాయి. ఆ పైన పుండు మానేదాకా కట్టులా కాపాడే మెత్తటి బ్యాండేజ్ లెన్సు పెట్టి, యాంటీబయాటిక్ చుక్కలు, వాపు తగ్గడానికి స్టెరాయిడ్ చుక్కలు ఇస్తారు.

ఇప్పుడు నిద్రపోతున్న వైరస్ వైపు నుంచి చూడండి. పైపొర తీసినప్పుడు అక్కడి సన్నటి నరాల కొసలు బయటపడి దెబ్బతింటాయి. మీద అతినీలలోహిత కాంతి. ఎండన పడి తిరిగొస్తే కొందరికి పెదవి పేలడం మీరూ చూసే ఉంటారు. అతినీలలోహిత కాంతి వైరస్‌ను లేపగలదని జంతువుల మీద ప్రయోగాల్లోనూ తేలింది. లేచిన వైరస్‌కు ఎదురు నిలవాల్సిన రక్షణ శక్తిని స్టెరాయిడ్ చుక్క కాస్త జోకొడుతుంది. మూడూ ఒకే వారంలో, ఒకే కంటికి. వైరస్ లేవకపోవడమే ఎక్కువ కళ్లలో జరుగుతుంది, ఎక్కడో ఒకరికి లేస్తుంది. 2007లో గ్రీసు దేశపు వైద్యులు ఇలాంటి కన్నునే ఒక వైద్య పత్రికలో వివరించారు. అంతకుముందు ఎన్నడూ కంటి హెర్పిస్ లేని మనిషికి సీత్రీఆర్ అయిన ఐదో రోజున నల్లగుడ్డు మీద పుండు, లోపల వాపు వచ్చాయి. కన్నీటి పరీక్షలో హెర్పిస్ వైరస్ దొరికింది. యాంటీవైరల్ మందులతో తగ్గింది. మీ అబ్బాయి కథకూ దానికీ ఒక్క రోజు తేడా.

మురికి మిషను వల్ల బ్యాక్టీరియా రావచ్చు. కంట్లో కుళాయి నీళ్లు చల్లుకుంటే అమీబా కూడా రావచ్చు. హెర్పిస్ అలా బయటినుంచి వచ్చి కూర్చున్నది కాదు. అది మీవాడి నరంలో ముందునుంచే ఉంది. చికిత్స దాన్ని లేపింది. మిషను మీద నింద వేసి ఆసుపత్రి మారిస్తే, మొదటి రోజు నుంచీ ఆ కన్నును చూసిన డాక్టరును పోగొట్టుకుంటారు. నిన్నటి పుండు ఎంతుంది, ఇవాళ ఎంతుంది అన్న పోలిక ఈ జబ్బులో సగం వైద్యం.

అలాగని డాక్టర్లమంతా సరిగ్గానే చేస్తామని నేను అనను. చాలా ఏళ్ల కిందట, నర్సింగ్ చదువుతున్న ఒక అమ్మాయికి నేను సీత్రీఆర్ చేశాను. నాలుగో రోజున నల్లగుడ్డు మధ్యలో సన్నటి గీత కనిపించింది. పైపొర నాలుగు వైపుల నుంచీ పెరుగుతూ వచ్చి మధ్యలో కలిసే చోట అలాంటి గీత ఏర్పడటం మామూలే. అదే అనుకుని రెండు రోజులాగి రమ్మన్నాను. ఆ రెండు రోజుల్లో గీత రెమ్మలు వేసింది. రంగు చుక్క వేసి నీలికాంతిలో చూస్తే ఆకుపచ్చగా, కొసల్లో చిన్న చిన్న బుడిపెలతో, చిన్న చెట్టుకొమ్మలా మెరిసింది. హెర్పిస్ సంతకం అది. అప్పుడు అడిగితే, తనకు చిన్నప్పట్నుంచీ ఏటా పెదవి పేలుతుందని చెప్పింది. ముందు నేను అడగలేదు. ఆ అమ్మాయి కన్ను మానింది. కానీ మధ్యలో పల్చటి మచ్చ మిగిలింది. ఆ మచ్చలో నా రెండు రోజులు ఉన్నాయని నాకు తెలుసు. అప్పట్నుంచి సీత్రీఆర్ ముందు ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాను: ఎప్పుడైనా పెదవి మీద పొక్కులు లేచాయా? ఎప్పుడైనా ఒక కన్నే, అదే కన్ను, మళ్లీ మళ్లీ ఎర్రబడి నొప్పి చేసిందా? మిమ్మల్ని ఆ ప్రశ్నలు అడిగారో లేదో నాకు తెలియదు. అడగకపోతే అది లోపమే. అడిగినా మీవాడు లేదనే చెప్పి ఉండేవాడేమో.

మీ డాక్టరు రాగానే లెన్సు తీసి, రంగు వేసి చూసి, స్టెరాయిడ్ ఆపారు. చేయాల్సిందే చేశారు. దీన్ని గుర్తుపట్టడం అంత తేలిక కాదని కూడా చెప్పాలి. మామూలుగా హెర్పిస్ కంటికి దూది కొసతో తాకితే స్పర్శ తగ్గి ఉంటుంది. ఆ గుర్తు మాకు సాయపడుతుంది. సీత్రీఆర్ చేసిన కంటికి నరాలు దెబ్బతిని ఎలాగూ కొన్ని నెలలు స్పర్శ తక్కువే, కాబట్టి ఆ గుర్తు ఇక్కడ నమ్మడానికి లేదు. మన కృష్ణా, గుంటూరు వైపు పొలాల్లో వరికంకో గడ్డిపరకో తగిలి బూజు వల్ల వచ్చే పుండ్లూ ఎక్కువ. అందుకే అనుమానం ఉంటే పుండును గీకి మైక్రోస్కోపు కింద చూస్తారు, వైరస్ జన్యు పదార్థాన్ని పట్టే పీసీఆర్ పరీక్షకు పంపుతారు. మీవాడికి అవి చేశారేమో అడగండి. చేయకపోయినా, మందుకు కన్ను లొంగుతోంది కాబట్టి దారి సరైనదే అనిపిస్తోంది.

మీకు ఇంకా గుబులు తీరకపోతే రెండో అభిప్రాయం తీసుకోండి. అది మీ హక్కు, ఏ మంచి డాక్టరూ తప్పు పట్టడు. దానికి హైదరాబాదు దాకా పోనక్కర్లేదు. పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి ఉంది. విజయవాడ తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ శాఖ ఉంది. ఆ సంస్థను 1987లో హైదరాబాదులో స్థాపించిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు మీ గుంటూరు మెడికల్ కాలేజీలో చదువుకున్నవారే, ఆయన నైపుణ్యం కూడా నల్లగుడ్డు వైద్యంలోనే. ఎక్కడికి వెళ్లినా మొదటి ఆసుపత్రి కాగితాలు, టోపోగ్రఫీ (నల్లగుడ్డు వంపులను కొలిచే పటం) రిపోర్టులు అన్నీ వెంట తీసుకెళ్లండి.

మందుల దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. కళ్లు పోయేది ఎక్కువగా ఇక్కడే.

ఆయింట్‌మెంటు ఎసైక్లోవిర్ అయినా, జెల్ రూపంలో గాన్‌సైక్లోవిర్ అయినా రోజుకు ఐదుసార్లు అంటే ఐదుసార్లే. పెట్టిన గంటసేపు చూపు మసకగా ఉంటుంది, అది మందు జిడ్డు. మీవాడు చెప్పే మంచులో అది కొంత ఉంటుంది. సీత్రీఆర్ తర్వాత నల్లగుడ్డులో కొన్ని వారాల పాటు ఉండే మామూలు మసక కొంత ఉంటుంది. పుండు వదిలిన గుర్తు కొంత. ఏది ఎంతో ఇప్పుడే తేలదు. మూడు నెలలు పోయాక చూపు ఎక్కడ నిలబడుతుందో చూసి మాట్లాడుకోవాలి. ఈలోపు చూపు పోయిందని కుర్రాణ్ని బెదరగొట్టకండి. ఎరుపు తగ్గింది కదా అని మందు మానేయకండి. మాత్రలు వేసుకునేన్నాళ్లు నీళ్లు బాగా తాగించండి. మూత్రపిండాల జబ్బు ఏదైనా ఉంటే మాత్రల మోతాదు తగ్గించాలి, అది డాక్టరుకు తెలియాలి.

స్టెరాయిడ్ సంగతి ఇంకా జాగ్రత్తగా వినండి. పైపొర మీద రెమ్మలా వైరస్ ఉన్నప్పుడు స్టెరాయిడ్ చుక్క వేస్తే ఆ రెమ్మ పెద్ద పుండుగా పరుచుకుపోతుంది. అందుకే ఆపారు. కానీ పైపొర మానాక, కొందరికి నల్లగుడ్డు లోపలి పొరలో తెల్లగా వాపు వస్తుంది. అది వైరస్ చేసే విధ్వంసం కన్నా, దానిమీద మన ఒళ్లే చేసే యుద్ధం. అప్పుడు యాంటీవైరల్ మాత్రల కాపలాలో స్టెరాయిడ్ చుక్కలు మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తుంది. మొన్న ఆపమని నేడు వేయమంటున్నారేమిటని మీరు కంగారుపడి మానేస్తే ఆ వాపు మచ్చగా గడ్డకడుతుంది. ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు వేయాలో స్లిట్ ల్యాంపులో, అంటే కంటిని పెద్దగా చేసి చూపే మైక్రోస్కోపులో, కన్ను చూసినవాళ్లకే తెలుస్తుంది. నాకూ ఉత్తరంలో తెలియదు, మీ వీధి చివర మందుల షాపు కుర్రాడికి అసలే తెలియదు.

ఆ షాపు గురించి కోపంగానే రాస్తున్నాను. మన ఊళ్లలో కన్ను ఎర్రబడిందని వెళ్తే చీటీ లేకుండా చేతికిచ్చే చుక్కల్లో చాలా వాటిలో డెక్సామెథసోనో, బీటామెథసోనో, ప్రెడ్నిసొలోనో కలిసి ఉంటుంది. వేయగానే ఎరుపు విరిగిపోతుంది, హాయిగా ఉంటుంది. కింద పుండు పెరుగుతూనే ఉంటుంది. ఏళ్ల తరబడి వేసుకుంటే కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులు, దాంతోపాటు శుక్లం కూడా వస్తాయి. మీ అబ్బాయి కంటికి ఇకమీదట జీవితాంతం ఒకటే సూత్రం: ఎరుపు, నొప్పి, వెలుగు చూడలేకపోవడం వస్తే ఏ చుక్కా వేయకుండా కంటి డాక్టరు దగ్గరికి, అదే రోజు. ఈ వైరస్ మళ్లీ నరంలోకి వెళ్లి పడుకుంటుంది, పూర్తిగా పోదు. మళ్లీ రావచ్చు, రాకపోవచ్చు.

తరచూ తిరగబెట్టకుండా ఆపే దారి ఉంది. అమెరికాలో 703 మంది మీద చేసి 1998లో ప్రకటించిన పెద్ద అధ్యయనంలో, 400 మిల్లీగ్రాముల ఎసైక్లోవిర్ మాత్ర రోజుకు రెండు చొప్పున ఏడాదిపాటు వేసుకున్నవారిలో నూటికి 19 మందికి జబ్బు తిరగబెట్టింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో నూటికి 32 మందికి. మీవాడికి అంత కాలం అవసరమా కాదా అన్నది లోపలి పొర దాకా జబ్బు దిగిందా లేదా అన్నదాన్నిబట్టి మీ డాక్టరు నిర్ణయిస్తారు.

అదే అధ్యయన బృందం మీవారి అనుమానాన్ని కూడా పరీక్షించింది. జబ్బు వచ్చాక అడిగితే చాలామంది ఆ వారం మనసు బాగోలేదని, ఒత్తిడి ఎక్కువైందని చెప్పారు. వారం వారం ముందే రాసుకున్న లెక్కలు తీసి చూస్తే మాత్రం ఒత్తిడికీ జబ్బు తిరగబెట్టడానికీ సంబంధం కనబడలేదు. సెమిస్టర్ పరీక్షల వల్ల వచ్చిందని పిల్లాడి మీద వేయకండి. చదువు వల్ల కళ్లు పోయాయని తిట్టిపోసి పుస్తకాలు దాచిన తండ్రులను చూశాను. వెలుగు ఓర్చుకోగలిగితే చదువుకోనివ్వండి. పుస్తకం చదివితే పుండు పెరగదు.

నందివర్ధనం పూలు చల్లగా ఉంటాయి, నిజమే. మా అమ్మమ్మా పెట్టేది. కానీ పైపొర ఇంకా అతుక్కోని కంటి మీద తోటలో కోసిన పువ్వు పెడితే దానితోపాటు బూజు, బ్యాక్టీరియా కూడా పెట్టినట్టే. చనుబాలు, ఆముదం, ఉల్లిరసం ఏవీ వద్దు. పురిటి ఇల్లు కాబట్టి చనుబాల సలహా కూడా ఎవరో ఇచ్చే ఉంటారని చెబుతున్నాను. అత్తగారి మనసు కష్టపెట్టకుండా ఆమె చేత పొన్నగంటి కూర వండించి మనవడికి పెట్టించండి. కంట్లోకి మాత్రం సీసా మందు తప్ప ఏదీ పోకూడదు. ఇంకో నెల దాకా తలస్నానం వెనక్కి వంచి చేయించండి, కంట్లో కుళాయి నీళ్లు పడనివ్వకండి. ఈత వద్దు. ఎవరైనా సర్పి అని మంత్రం వేయిస్తామంటే వెళ్లకండి. సర్పి తెచ్చే వైరస్ దీనికి దాయాది, అదీ వేరే జబ్బు. మంత్రంతో పోయిన రోజులు రెండింటిలోనూ తిరిగి రావు.

ఇక ఎడమకన్ను. అసలు మీరు ఉత్తరం రాసింది దీని కోసమే అనుకుంటాను.

భయపడి వద్దనేయకండి. ధైర్యం చేసి రెండు నెలలకే చేయించేయకండి. ముందు ఎడమకన్నులో జబ్బు నిజంగా ముదురుతోందా అన్నది తేలాలి. కొన్ని నెలల తేడాతో తీసిన రెండు టోపోగ్రఫీలు పక్కపక్కన పెట్టి, శంకువు మొన దగ్గర వంపు ఏడాదిలో ఒక డయాప్టర్ (వంపును కొలిచే లెక్క) పైన పెరిగిందా, మందం తగ్గిందా చూడాలి. పెరగకుండా నిలకడగా ఉంటే నేనైతే ఆగుతాను. మూడు నాలుగు నెలలకోసారి టోపోగ్రఫీ తీయిస్తూ కనిపెట్టుకుని ఉంటాను. పెరుగుతుంటే మాత్రం ఆగడం తప్పు. 19 ఏళ్ల వయసులో ఇది జోరుగా ముదురుతుంది. మందం 400 మైక్రాన్ల (0.4 మిల్లీమీటర్ల) కన్నా తగ్గితే మామూలు పద్ధతిలో సీత్రీఆర్ చేయడమే కష్టమవుతుంది. ముదిరిన కెరటోకోనస్‌కు చివరి దారి నల్లగుడ్డు మార్పిడి. ఈ వైరస్ ఉన్నవారికి మార్పిడి చేసిన నల్లగుడ్డు మీద కూడా హెర్పిస్ రాగలదు. అందుకే, ముదురుతున్న కంటికి సీత్రీఆర్ చేయించకుండా వదిలేయడం కన్నా మాత్రల రక్షణలో చేయించడమే నాకు మేలనిపిస్తుంది. హెర్పిస్ వచ్చినవారికి సీత్రీఆర్ చేయనే వద్దనే డాక్టర్లూ ఉన్నారు. వారి జాగ్రత్తను నేను గౌరవిస్తాను. మీ డాక్టరు ఆ మాట అంటే కారణం అడిగి తెలుసుకోండి.

చేసేటట్టయితే, కుడికన్ను కనీసం కొన్ని నెలలు ప్రశాంతంగా ఉన్నాకే. చేసే కొద్ది రోజుల ముందే యాంటీవైరల్ మాత్రలు మొదలుపెట్టి, స్టెరాయిడ్ చుక్కలు వేసినన్నాళ్లూ కొనసాగించాలి. ఇందాక మీ పెదవి పొక్కుల మాట డాక్టరుకు చెప్పమన్నది దీని కోసమే. చేశాక మొదటి వారం రోజూనో, రోజు విడిచి రోజో చూపించాలి. తగ్గుతున్న నొప్పి తిరగబడితే అర్ధరాత్రయినా ఫోన్ చేయాలి. మీవాడికి ఆరో రోజు రాత్రి వచ్చినప్పుడు మీరు మర్నాడే తీసుకెళ్లారు. ఆ ఒక్క పని వల్ల ఈ కన్ను చాలా నయంగా ఉందని నా నమ్మకం.

అద్దాలతో చూపు సరిపోకపోతే, మచ్చ మిగిలినా, గట్టి కాంటాక్ట్ లెన్సులో, తెల్లగుడ్డు మీద ఆనే పెద్ద స్క్లెరల్ లెన్సులో పెట్టుకుంటే చూపు బాగా మెరుగుపడవచ్చు. కాకపోతే లెన్సు జబ్బును ఆపదు, చూపును సరిచేస్తుంది, అంతే. అవి పెట్టుకునే మాట ఆరు నెలలయ్యాక.

ఒకటి మీరు రాయలేదు, నేనే అడుగుతున్నాను. మీవాడు కళ్లు నులుముకుంటాడా? కెరటోకోనస్ పిల్లల్లో చాలామందికి కళ్ల దురద, అలర్జీ ఉంటాయి. పిడికిలితో కళ్లు నులుముకున్న కొద్దీ పల్చని నల్లగుడ్డు ఇంకా సాగుతుంది. ఎడమకన్ను ముదరకుండా ఇవాళే, ఖర్చు లేకుండా చేయగలిగిన వైద్యం నులమడం మానిపించడం. మీవారు యార్డు నుంచి వస్తూ బట్టల మీద మిర్చి ఘాటు మోసుకొస్తారు. సీజన్‌లో యార్డు పక్కనుంచి పోతేనే తుమ్ములొస్తాయి, ఇంట్లోకి వచ్చిన ధూళి సంగతి చెప్పాలా. రాగానే స్నానం చేసి బట్టలు విడిగా పడేయమనండి. మీవాడు సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు ఆ బట్టలున్న గదిలో పడుకోబెట్టకండి. దురదకు స్టెరాయిడ్ లేని అలర్జీ చుక్కలు ఉన్నాయి, అడిగి రాయించుకోండి. దురద పుడితే నులమకుండా, శుభ్రమైన గుడ్డలో చుట్టిన చల్లటి పట్టీ రెప్పలు మూసి పైన పెట్టుకోమనండి.

వచ్చే వారం చూపించడానికి వెళ్తారు కదా. చిన్నప్పట్నుంచీ మీవాడి కళ్ల దురదకు వాడిన చుక్కల సీసాల్లో ఇంట్లో మిగిలినవి, హాస్టల్ గదిలో ఉన్నవి, షాపులో చీటీ లేకుండా కొన్నవి, ఖాళీవైనా సరే, అన్నీ ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్లి డాక్టరు బల్ల మీద పెట్టండి. వాటిలో స్టెరాయిడ్ ఏది ఉందో ఆయన చూసి తీసేస్తారు.